చెమట పట్టే గోడ

విచారణ పది గంటలకు. సొలాంజ్ తెవెనే తొమ్మిదిన్నరకే డిపోకు వచ్చింది గానీ పై అంతస్తులోని ఆఫీసు వైపు తల కూడా తిప్పలేదు. నేరుగా తన వ్యాన్ దగ్గరకు వెళ్ళి, వెనక ట్రెయిలర్‌లో వరసగా ఎక్కించి ఉన్న ఇరవై పసుపు రంగు సైకిళ్ళకు పట్టీలు బిగించడం మొదలుపెట్టింది. ఇంకో గంటలో ఉద్యోగం ఊడబోతున్న మనిషి చేయాల్సిన పని కాదది.

"ఏం చేస్తున్నావే ముసలిదానా?" అన్నాడు యాజిద్, పాత గుడ్డతో చేతుల గ్రీజు తుడుచుకుంటూ. అతను ఆ డిపోలో మెకానిక్. వయసులో ఆమెకన్నా ఆరేళ్ళు పెద్ద. అయినా ఆమెనే ముసలిదానా అంటాడు.

"కనిపించట్లా? లోడు కడుతున్నా."

"పదకొండింటికి నువ్వసలు ఇక్కడ ఉంటావో లేదో తెలీదు."

"ఆ సంగతి సైకిళ్ళకి తెలీదుగా. పైన కొండ మీద జనం నిలబడి ఉంటారు. నేను పోకపోతే ఎవరు పోతారు, మీ నాన్నా?"

"మా నాన్నకి లైసెన్స్ లేదు. పైగా పోయి ఇరవై ఏళ్ళయింది."

"అందుకే నేనే పోవాలి."

యాజిద్ నవ్వలేదు. జేబులోంచి చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తీసి చూపించాడు. విచారణకు పిలిచినప్పుడు ఉద్యోగి తన పక్కన ఒక తోటి ఉద్యోగిని కూర్చోబెట్టుకోవచ్చు. సొలాంజ్ యాజిద్‌ను అడిగింది. "నాకు పెద్దోళ్ళ ముందు మాట్లాడ్డం రాదు. రాసుకోవడం మాత్రం వచ్చు" అన్నాడతను. అదే చాలంది.

లియోన్ నగరంలో క్రువా-రూస్ కొండ మీద కాపురముండేవాళ్ళు పొద్దున్నే స్టేషన్‌లో ఒక సైకిలు తీసుకుని, తొక్కే శ్రమ లేకుండా ఊళ్ళోకి జారిపోతారు. సాయంత్రం మాత్రం మెట్రో ఎక్కి ఇంటికి పోతారు. సైకిలు మీద ఎదురెక్కే మొండివాళ్ళు వందకొకరు. అందుకని తొమ్మిదయ్యేసరికి పై స్టేషన్లు బోసిపోతాయి, కింద స్టేషన్లలో ఇంకో సైకిలు పెట్టడానికి చోటుండదు. దిగిన సైకిళ్ళను వ్యాన్‌లో మళ్ళీ పైకి చేర్చడం సొలాంజ్ పని. పందొమ్మిదేళ్ళుగా అదే చేస్తోంది.

డిపోలో పాతవాళ్ళెవరికీ స్టేషన్ల నంబర్లు గుర్తుండవు. అక్కడ చుట్టూ ఏముందో అదే దాని పేరు. రేడియోలో "దంతాల డాక్టరు దగ్గర నిండిపోయింది", "ముగ్గురు అప్పచెల్లెళ్ళ దగ్గర రెండే ఉన్నాయి" అని కేకేసుకునేవాళ్ళు. ముగ్గురు అప్పచెల్లెళ్ళంటే మూడు చెట్లు. జనవరిలో పారిస్ నుంచి కొత్త డైరెక్టరు దెల్మాస్ వచ్చాడు. రాగానే మారుపేర్లు నిషేధించాడు. ఇకమీదట రేడియోలో నంబర్లే. వ్యాన్ ఏ దారిన పోవాలో టాబ్లెట్టే చెబుతుంది. సొలాంజ్ ఆ నోటీసు చదివి, దాని మీద తన కాఫీ కప్పు పెట్టుకుంది.

ఏప్రిల్‌లో ఆన్సెల్మ్‌ను పంపించేశారు. అవతలి కొండ స్టేషన్లు చూసే పాత డ్రైవరతను, సొలాంజ్‌కు పని నేర్పిందీ అతనే. పెట్టని సైకిళ్ళు పెట్టినట్టు రాశాడని చెప్పి ఏదో ఫోటో చూపించారట. ఒక్క మాట ఎదురు చెప్పకుండా సంతకం పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె ఫోన్ చేస్తే "నా వయసైపోయింది సొలాంజ్" అని పెట్టేశాడు. ఇప్పుడు సరిగ్గా అదే నేరం ఆమె మీద మోపారు.

*

దెల్మాస్‌కు ముప్పై ఆరేళ్ళుంటాయి. గొంతు పెంచి మాట్లాడడు. గొంతు పెంచకపోవడమే తన మర్యాద అనుకుంటాడు.

"కూర్చోండి మేడమ్ తెవెనే. మే పద్నాలుగు, మంగళవారం. ఉదయం పది యాభైకి, నాలుగు వేల ఇరవై ఒకటో నంబరు స్టేషన్‌లో పద్దెనిమిది సైకిళ్ళు పెట్టానని మీరు రాశారు."

"పెద్ద బండ" అంది సొలాంజ్.

"ఏమన్నారు?"

"ఆ స్టేషన్ పేరు పెద్ద బండ. కొండ అంచున పెద్ద రాయుంది, దాని పక్కనే. అవును, పెట్టాను."

"ఆ వారం ఆ స్టేషన్ నుంచి మనకు కబురందించే యంత్రం పాడైంది. అంటే మీరు పెట్టారా లేదా అన్నదానికి మీ మాట తప్ప ఆధారం లేదు. అలాంటి స్టేషన్లను తనిఖీ చేయడానికి బయటి నుంచి ఒక మనిషిని పెట్టుకున్నాం. ఇదిగో ఆయన పంపిన ఫోటో. పదకొండూ ఐదుకి తీసింది. మీరు పెట్టానన్న పదిహేను నిమిషాలకి."

టాబ్లెట్ ఆమె వైపు తిప్పాడు. ఇరవై ఖాళీ స్టాండ్లు. వాటి వెనక ఒక గోడ. ఒక మూల చెత్తడబ్బా. ఫోటో అడుగున పెద్ద అంకెల్లో స్టేషన్ నంబరు, తేదీ, టైము, పక్కన చిన్న అక్షరాల్లో పేట పేరు.

"దీన్ని తీవ్రమైన తప్పిదం అంటారు మేడమ్. నోటీసు గడువు ఉండదు. ఈ రోజుతోనే ఆఖరు. అయితే మీ సర్వీసు చూసి, మీ అంతట మీరు వెళ్ళిపోతానంటే..."

సొలాంజ్ వినడం లేదు. ఫోటోను కళ్ళ దగ్గరగా తెచ్చుకుని చూస్తోంది. చూసి చూసి, గట్టిగా ఒక్క నవ్వు నవ్వింది.

"ఇది పెద్ద బండ కాదు."

"ఫోటో ఎక్కడ తీశారో ఫోనే నమోదు చేస్తుంది. అందులో మనిషి ప్రమేయం లేదు."

"అదే దాని జబ్బు. ఇది కొండ మీది స్టేషన్ కాదు మస్యూ. కొండ కిందది. రోన్ నది ఒడ్డున ఉంది. ఈ గోడ చూడండి. కింది సగం నల్లగా, పై సగం తెల్లగా ఉందా? కొండ కడుపులో నీళ్ళన్నీ ఈ గోడలోంచే ఊరతాయి. ఎండాకాలంలో కూడా చెమట పట్టినట్టే ఉంటుంది. పైన పెద్ద బండ దగ్గర గోడెక్కడిది? కంచె ఉంటుంది. కంచె అవతల గాలి."

"ఫోటో రోడ్డుకి అవతలి వైపు తీసుండొచ్చు. అక్కడా ఇళ్ళున్నాయి, ఇళ్ళకి గోడలుంటాయి."

"మీరెప్పుడైనా అక్కడికెళ్ళారా?"

"ఆ అవసరం రాలేదు. నాకు నగరం మొత్తం తెర మీద కనిపిస్తుంది."

యాజిద్ పెన్సిలు ఎత్తాడు. "ఆగండి ఆగండి. 'అవసరం... రాలేదు.' ఊఁ, కానివ్వండి."

దెల్మాస్ వేళ్ళతో బల్ల మీద చిన్నగా తట్టాడు. ఇలాంటి వాదన అతనికి కొత్త. ఇంతకుముందు ఈ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఏడ్చారు, లేదా సంతకం పెట్టారు. దీన్ని త్వరగా ముగించాలనిపించింది.

"సరే మేడమ్. గోడని చూసి స్టేషన్ చెప్పగలనంటున్నారు. మా తనిఖీ ఫోటోలు పన్నెండు చూపిస్తాను. అడుగునున్న నంబరు, పేరు మీద చెయ్యి పెడతాను. చెప్పలేకపోతే?"

"చెప్పలేకపోతే మీ కాగితం మీద సంతకం పెట్టి పోతా."

"సొలాంజ్!" అన్నాడు యాజిద్.

"రాసుకో."

మొదటి ఫోటో వచ్చింది. ఒక వంతెన కాలు, రెండు సైకిళ్ళు, ఒక మూల రెల్లు కుర్చీ.

"వేజ్. రైలు వంతెన కింద. కాఫీ కొట్టు పెద్దావిడ ఇంట్లోంచి తెచ్చుకున్న కుర్చీ అది. దాన్లో ఎవర్నీ కూర్చోనివ్వదు."

దెల్మాస్ చెయ్యి తీశాడు. వేజ్.

రెండోదాన్లో నేల తప్ప ఏమీ లేదు. సొలాంజ్ ఆగకుండా చెప్పింది. "చెట్టు మొదట్లో మట్టిలో సీసా మూతలు దిగబడి ఉన్నాయి. జెర్లాన్, స్టేడియం వెనక. మ్యాచ్ రోజు తాగి అక్కడే తొక్కుతారు." మూడోదాన్లో మందుల షాపు గుర్తు సగమే వెలుగుతోంది. నాలుగోదాన్లో కిటికీలో పిల్లి. "ఈ పిల్లిని చూసి చెప్పట్లేదు, కిటికీ ఇనపచువ్వలు చూసి చెప్తున్నా. పిల్లిదేముంది, చచ్చిపోవచ్చు." ఐదు, ఆరు, ఏడు. చెయ్యి తీసిన ప్రతిసారీ ఆమె చెప్పిందే ఉంది.

ఎనిమిదోది వచ్చేసరికి ఆమె ఆగిపోయింది.

పది సైకిళ్ళు, వెనక చదునైన ఇటుకల మేడ. ఫోటోను పక్కకు తిప్పింది, మళ్ళీ తిన్నగా పెట్టింది. దెల్మాస్ ముఖంలో మొదటిసారి కాస్త రంగు వచ్చింది.

"తెలీదా మేడమ్?"

"తెలుసు. ఇది మన ఊరు కాదు."

"అదెలా చెప్పగలరు?"

"మధ్యలో సైకిలుకి గొలుసు ఊడి వేలాడుతోంది. చివర దానికి చక్రంలో గాలి లేదు. కానీ అన్ని సీట్లూ ముందుకే చూస్తున్నాయి. మా ఊళ్ళో సైకిలు పాడైతే, తెచ్చినవాడు సీటు వెనక్కి తిప్పి పెట్టి పోతాడు, తర్వాత వచ్చేవాడు మోసపోకుండా. ఎవరూ బోర్డు రాసి పెట్టలేదు, ఎవరూ చెప్పలేదు. అయినా అందరూ చేస్తారు. పెళ్ళి సూట్లో ఉన్నవాడు కూడా ఆగి తిప్పి పోతాడు. గొలుసు ఇలా వేలాడే సైకిలు ఇక్కడ పది నిమిషాలు కూడా ముందుకి చూడదు."

దెల్మాస్ చెవులు ఎర్రబడ్డాయి. వాళ్ళ కంపెనీ ఉత్తరాన ఇంకో నగరంలోనూ ఇవే పసుపు సైకిళ్ళు నడుపుతోంది.

"పొరపాటున కలిసిపోయి ఉంటుంది."

"మస్యూ" అన్నాడు యాజిద్ వినయంగా, "'పొరపాటున కలిసిన ఫోటో' అని రాయనా, 'కలిపిన ఫోటో' అని రాయనా?"

దెల్మాస్ తర్వాతి ఫోటోకు జరిపాడు. తొమ్మిది, పది గబగబా అయిపోయాయి. పదకొండోదాన్లో ఖాళీ స్టాండ్ల పక్కన నీలం తలుపు, దాని పైన వేలాడే ఇనప బూటు.

"సాన్-జోర్జ్. సోన్ నది ఒడ్డున. చెప్పులు కుట్టే గ్రెగ్వార్ కొట్టు అది."

దెల్మాస్ చెయ్యి తీశాడు. అతని ముఖం విప్పారింది. అక్కడ సాన్-జుస్త్ అని ఉంది. ఏప్రిల్ తొమ్మిది.

"ఇది తప్పు మేడమ్."

"తప్పు మీ ఫోటోది. సాన్-జుస్త్ కొండ పైన. ఇది కొండ కింద."

"పన్నెండోది కూడా చూడనక్కర్లేదు. మీరూ పొరపడతారని తేలింది." పదకొండో ఫోటోను అవసరమైన దానికంటే వేగంగా మూసేశాడు. "కాబట్టి గోడ విషయంలో కూడా..."

సొలాంజ్ లేచి నిలబడింది. జేబులోంచి వ్యాన్ తాళాలు తీసింది.

"రండి, చూసొద్దాం. పావుగంట దారి."

"విచారణ ఈ గదిలో జరుగుతుంది."

"విచారణంటే నిజం కనుక్కోవడం అనుకున్నా. గది కనుక్కోవడం అనుకోలేదు."

యాజిద్ పెన్సిలు నాలుకకు ఆనించుకుని, ఒక్కో మాటా పైకి చదువుతూ రాయసాగాడు. "'స్థలం... చూడ్డానికి... డైరెక్టరు గారు... ఒప్పుకోలేదు.' కోర్టులో చదివేటప్పుడు బావుంటుంది మస్యూ."

దెల్మాస్ కోటు అందుకున్నాడు.

*

ముగ్గురూ వ్యాన్ ముందు సీట్లో ఇరుక్కున్నారు. దెల్మాస్ మధ్యలో, మోకాళ్ళ మీద టాబ్లెట్ పెట్టుకుని కూర్చున్నాడు. డ్యాష్‌బోర్డు మీద బిగించిన ఇంకో టాబ్లెట్ రెండు వందల మీటర్ల తర్వాత కుడికి తిరగమంది. సొలాంజ్ దాని ముఖం కిటికీ వైపు తిప్పి, వ్యాన్‌ను ఎడమకు మళ్ళించింది.

"ఆ దారే దగ్గర" అన్నాడు దెల్మాస్.

"మంగళవారం ఆ దారిలో కూరగాయల సంత. మీ తెరకి క్యాబేజీలు కనిపించవు."

వంతెన ఎక్కుతుండగా ఆమెకు పదకొండో ఫోటో గుర్తొచ్చింది. ఏప్రిల్ తొమ్మిది, సాన్-జుస్త్. ఆ కొండ ఎవరిది? ఆ స్టేషన్లకు రోజూ సైకిళ్ళు ఎక్కించిందెవరు? ఏప్రిల్ రెండో వారంలో సంతకం పెట్టి వెళ్ళిపోయిందెవరు? పక్కన మనిషి ఆ ఫోటోను ఎందుకంత గబుక్కున మూశాడో అర్థమైంది. కానీ ముందు తన గోడ సంగతి తేలాలి.

నది ఒడ్డున వ్యాన్ ఆపింది. ఎదురుగా స్టేషన్. ఇరవై స్టాండ్లలోనూ సైకిళ్ళున్నాయి. ఒక అమ్మాయి తన సైకిలు పెట్టడానికి చోటు దొరక్క, ఎవర్నో ఫోన్‌లో తిడుతూ తిరుగుతోంది. స్టాండ్ల వెనక గోడ, కింది సగం నల్లగా తడిసి, పై సగం తెల్లగా ఎండి ఉంది. మూల చెత్తడబ్బా.

"ఫోటో తీయండి" అంది సొలాంజ్. "మీ ఫోన్‌తోనే."

అతను తీశాడు. పాత ఫోటో పక్కన పెట్టి చూశాడు. గోడ మీది మరక, పగులు, డబ్బా మీద గీత, అన్నీ కలిశాయి. ఆ తర్వాత, కొత్త ఫోటో కింద ఫోన్ తనంతట తాను రాసుకున్న స్టేషన్ నంబరు చూశాడు. నాలుగు వేల ఇరవై ఒకటి. పెద్ద బండ.

"ఇదేంటి?" అన్నాడు.

"తల పైకెత్తండి."

ఎత్తాడు. గోడ మీద చెట్లు, చెట్ల మీద మెట్లు, మెట్ల పైన ఇంకో గోడ. ఎక్కడో ఆకాశం మొదలయ్యేచోట ఒక ఇనప కంచె, కంచెకు ఆనుకుని కిందకు చూస్తున్న ఎవరో మనిషి వేలెడంత కనిపించారు.

"పెద్ద బండ అదీ. మీ మ్యాపులో ఇదీ అదీ పక్కపక్కనే, అరంగుళం దూరం కూడా లేదు. మ్యాపు కొండని మింగేసింది, ఫోను రెంటినీ కలిపేసి పైదాని నంబరే రాసుకుంటుంది. మీరు పెట్టుకున్న ఆ తనిఖీ మనిషి మ్యాపులోని చుక్క వెనకాల నడిచాడు. చుక్క ఇక్కడ ఆగింది. పైకి రెండొందల మెట్లున్నాయని చుక్కకి తెలీదు, అతను ఈ ఊరివాడు కాదు."

దెల్మాస్ కంచె నుంచి చూపు దించి మళ్ళీ స్టాండ్ల వైపు చూశాడు. తర్వాత అతనిలో లెక్క తేలని చోటు పట్టుకునే మనిషి మేల్కొన్నాడు.

"కానీ ఇక్కడ ఇప్పుడు నిండా ఉన్నాయి. ఫోటోలో ఒక్కటీ లేదు. ఇది అదే స్టేషన్ అయితే ఆ రోజు ఎందుకు ఖాళీగా ఉంది?"

"హమ్మయ్య" అంది సొలాంజ్. "ఈ ప్రశ్న కోసమే పొద్దున్నుంచీ కాచుకుని కూర్చున్నా. ఈ టైముకి ఎప్పుడూ కిక్కిరిసి ఉండే స్టేషన్ ఆ మంగళవారం ఎందుకు ఖాళీ? ఇక్కడి యంత్రం బాగానే పనిచేస్తోంది. మీ తెరని అడగండి. ఆ రోజు ఇక్కణ్ణుంచి సైకిళ్ళు ఎవరు తీశారు?"

అతని వేలు తెర మీద జారింది. ఆగింది. యాజిద్ మెడ చాచి అతని భుజం మీదుగా పైకి చదివాడు.

"'మే పద్నాలుగు. పది ఇరవై రెండు. పద్దెనిమిది సైకిళ్ళు. తీసినవారు... ఎస్. తెవెనే.'"

"ఇక్కణ్ణుంచి తీశా. మిగతా రెండూ ఎవరో తొక్కుకుపోయుంటారు. నేను తీసినవి పైకి తీసుకెళ్ళి పెట్టా. ఆ ఖాళీ నేను చేసిందే మస్యూ. నేను పని చేశాననడానికి సాక్ష్యాన్ని పట్టుకొచ్చి, పని చేయలేదని నన్ను తరిమేయబోయారు. ఆ పద్దెనిమిదిలో మధ్యాహ్నానికి ఎన్ని మళ్ళీ ఊళ్ళో స్టేషన్లలో తాళం పడ్డాయో కూడా చూడండి. నేను పైన పెట్టకపోతే ఏ రెక్కలతో ఎగిరొచ్చాయో చెప్దురుగాని."

అతను అదీ చూశాడు. పదమూడు. పైకి చదవలేదు.

సైకిలు పెట్టడానికి చోటు దొరకని అమ్మాయి వ్యాన్ మీది గుర్తు చూసి దగ్గరకు వచ్చింది. "మీరేనా ఆ సైకిళ్ళ కంపెనీవాళ్ళు? రోజూ ఇదే గోల! డైరెక్టరెవడో ఒకసారి ఇక్కడికొచ్చి చూస్తే బాగుండు."

"ఈయనే" అని యాజిద్ చూపించాడు. అమ్మాయి చేతిలోని సైకిలును దెల్మాస్ చేతికిచ్చేసి చకచకా వెళ్ళిపోయింది.

ఆ సైకిలును అలాగే పట్టుకుని నిలబడ్డాడు దెల్మాస్. గొంతు ఇంకా తగ్గించాడు. "మేడమ్ తెవెనే, పొరపాటు జరిగింది. ఒప్పుకుంటున్నాను. మీ మీద చర్య ఈ క్షణమే ఉపసంహరిస్తాను. మీ ఉద్యోగం మీకుంటుంది. ఒక్క లాంఛనం. మీ ఫోటో విషయం పరిష్కారమైందని, మిగతా తనిఖీ ఫోటోల మీద మీకు ఎలాంటి అభ్యంతరం లేదని ఒక వాక్యం. తెర మీద వేలితో గీస్తే చాలు."

"పదకొండో ఫోటో ఎవరిది?"

"అది వేరే ఫైలు."

"ఆన్సెల్మ్‌ది."

"ఆయన స్వచ్ఛందంగా సంతకం పెట్టారు. అది ముగిసిపోయింది." సైకిలును వ్యాన్‌కు ఆనించి, టాబ్లెట్ ఆమె చేతికిచ్చాడు. "ఒక మాట చెప్తాను. మీరు ఈ వాక్యం మీద సంతకం పెట్టకపోతే మీ ఫైలు తెరిచే ఉంటుంది. ఆ ఫోటో పోయినా, నిషేధించిన పేర్లు రేడియోలో వాడారు. టాబ్లెట్ చెప్పిన దారి తప్పారు, నా కళ్ళ ముందే. మనుషుల్ని పంపించడానికి అవి చాలు."

సొలాంజ్ తెర వంక చూసింది. ఒక్క వాక్యం, దాని కింద ఒక ఖాళీ గీత. ఆమెకు యాభై రెండేళ్ళు. ఈ పని తప్ప ఇంకో పని రాదు. ఊరి గోడలన్నీ తెలిసిన మనిషి కావాలని ఏ కంపెనీ ప్రకటన వేయదు. అతను బెదిరించడం లేదు, చేస్తాడు. వేలితో ఒక్క గీత గీస్తే రేపు పొద్దున కూడా ఈ వ్యాన్ ఆమెదే.

యాజిద్ పెన్సిలు కదలడం మానేసింది. ఇది రాసుకోవాల్సిన విషయం కాదని అతనికి తెలుసు.

ఆమె జేబులోంచి ఫోన్ తీసి, నంబరు నొక్కి, స్పీకర్ పెట్టింది. చాలాసేపు మోగింది.

"ఎవరూ?" అంది అవతల ఒక బొంగురు గొంతు.

"సొలాంజ్‌ని. పెట్టేయకు."

"నన్నొదిలెయ్. నా వయసై..."

"నోర్మూసుకుని విను. ఒక స్టేషన్ చెప్తా, ఎక్కడో చెప్పు. పక్కన నీలం తలుపు. తలుపు మీద ఇనప బూటు వేలాడుతోంది."

"బూటు ముక్కు విరిగిందా?"

"విరిగింది."

"సాన్-జోర్జ్. గ్రెగ్వార్ కొట్టు. ఇదొక ప్రశ్నా? కళ్ళు మూసుకుని చెప్తా." ఆ గొంతులో ఏదో పాత పొగరు తొంగిచూసి మాయమైంది. "ఎందుకడిగావ్?"

"ఏప్రిల్లో నీకు చూపించిన ఫోటో అదే. అడుగున సాన్-జుస్త్ అని రాసి చూపించారు."

నది మీద ఒక పడవ కూత వేసింది. ఫోన్ తెగిపోయిందేమోనని యాజిద్ తెర వైపు వంగి చూశాడు.

"నేను ఫోటో చూళ్ళేదు" అన్నాడు ఆన్సెల్మ్ చివరికి. "అంకెలు పెద్దగా ఉన్నాయి. ఖాళీ స్టాండ్లు కనిపించాయి. సైకిళ్ళు పెట్టానని నాకు గుర్తుంది, లేవని వాళ్ళు చూపిస్తున్నారు. అంటే నా బుర్ర పోతోందనుకున్నా. మా అన్నకి అలాగే మొదలైంది. రెండు నెలల్నుంచి గ్యాస్ కట్టేశానా లేదా అని రోజుకి పదిసార్లు లేచి చూసుకుంటున్నా సొలాంజ్. మా ఆవిడకి కూడా చెప్పలేదు."

దెల్మాస్ నది వైపు చూస్తున్నాడు.

"నీ బుర్ర ఎక్కడికీ పోలేదు" అంది సొలాంజ్. "ఆ రోజు సాన్-జోర్జ్ ఎందుకు ఖాళీగా ఉందో చెప్పు."

"ఎందుకుంటుంది, నేనే ఖాళీ చేశా. అక్కడ ఎత్తినవే కదా పైన పెట్టా..." మాట మధ్యలో ఆగిపోయింది. "అయ్య బాబోయ్."

"అదీ సంగతి."

"ఆ పారిస్ పెద్దమనిషి ఎక్కడున్నాడు?"

"నా పక్కనే. అంతా వింటున్నాడు."

"ఫోను ఆయన ముఖం దగ్గర పెట్టు."

పెట్టింది. దెల్మాస్ ఒక అడుగు వెనక్కి వేశాడు. వ్యాన్ అడ్డొచ్చింది.

"మస్యూ" అన్నాడు ఆన్సెల్మ్. గొంతులో బొంగురు పోయింది. "రేపు పదింటికి వస్తున్నా. ఫోటోలన్నీ బల్ల మీద పెట్టండి. నావీ, సొలాంజ్‌వీ, ఇంకెవరెవర్ని పంపించారో వాళ్ళవన్నీ. ఒక్కోటి చూసి, ఎక్కడ తీశారో నేను చెప్తా. తర్వాత అదే పని జడ్జి ముందు చేస్తా."

ఫోన్ పెట్టేశాడు.

సొలాంజ్ టాబ్లెట్‌ను దెల్మాస్ చేతిలో పెట్టింది. దాని మీద గీత ఖాళీగానే ఉంది.

"మీరు ఆలోచించి మాట్లాడుతున్నారా?" అన్నాడతను. "మీ ఉద్యోగం..."

"అది రేపు పదింటికి మాట్లాడదాం. ఆన్సెల్మ్ పక్కన కూర్చుని మాట్లాడతా. తీసేస్తారా, తీసేయండి. ఆ గదిలోంచి బయటికొచ్చి జడ్జి ముందు ఏం చెప్పాలో నాకు తెలుసు, యాజిద్ రాసి పెట్టాడు." వ్యాన్ తలుపు తెరిచింది. "ఇప్పుడు పక్కకి జరగండి. పైన ఇరవై మంది నిలబడి ఉన్నారు."